ముప్ఫై ఒక్క చోట్ల తొలగించవలసిన పేరు

భ్రమరాంబ పశువుల డాక్టరు గారి ఎదుట చేతులు కట్టుకుని కూర్చుని గంటన్నర దాటింది. ఆమెకు జబ్బేమీ లేదు. డాక్టరేట్ కావాలి, అంతే.

ఆమె చదివే విశ్వవిద్యాలయంలో మనుషుల్ని ప్రశ్నలడిగే పరిశోధన ఏదైనా సరే, ముందు నైతిక పరిరక్షణ సంఘం ఒప్పుకోవాలి. ఆ సంఘానికి అధ్యక్షులు పశువైద్య శాఖకు చెందిన ఆచార్య మార్కండేయులు గారు. అంతకు ముందు పన్నెండేళ్లు ఆయన జంతు ప్రయోగాల సంఘాన్ని నడిపారు. ఆ పన్నెండేళ్లలో ఒక్క మేక గానీ, ఒక్క కుందేలు గానీ ఆయన మీద ఫిర్యాదు చెయ్యలేదు. ఆ రికార్డుకు ముచ్చటపడి పైవాళ్లు ఆయనను మనుషులకు ప్రమోట్ చేశారు. ఆయన కాక మరో ముగ్గురు సభ్యులు. న్యాయశాస్త్రం చెప్పే వసుంధరాదేవి గారు ఒకరు. మామిడి తెగుళ్ల నిపుణుడు మరొకరు. మూడో ఆయన సమాజ ప్రతినిధి. సమాజం ఆయనను ఎప్పుడు ఎన్నుకుందో తెలియదు గానీ ఊళ్లో ఆయనకు మంచి కల్యాణ మండపం ఉంది.

భ్రమరాంబ పరిశోధనాంశం, యుద్ధంలో బతికి బయటపడ్డ పిల్లల జ్ఞాపకాలు. యుద్ధం జరిగింది వేరే దేశంలో. ఏ దేశమో చెప్పడానికి వీల్లేదు. ఎందుకు వీల్లేదో కాసేపట్లో తెలుస్తుంది. ఆమె వయసు ముప్ఫై రెండు. మార్కాపురంలో పలకలు చేయించి అమ్మే ఆయన కూతురు. ఆ దేశపు భాష రెండేళ్లు కష్టపడి నేర్చుకుంది. వాళ్లు ఏడుస్తూ చెబుతుంటే తల కొంచెం పక్కకు వాల్చి వినడం ఎలాగో హాస్టల్ అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేసింది. ఎడమ పక్కకు వాలిస్తే ఎక్కువ దయగా కనిపిస్తుందని తేల్చుకుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. మనకు మాత్రం తెలుసు.

"ప్రశ్నావళిలో పదకొండవ ప్రశ్న," అన్నారు మార్కండేయులు గారు కళ్లజోడు సవరించుకుని. "'యుద్ధం మొదలైనప్పుడు మీరెక్కడున్నారు?' ఈ ప్రశ్న వలన పాల్గొనువారికి యుద్ధము గుర్తుకు వచ్చు ప్రమాదము కలదు గదా?"

"వస్తుందండీ. రావాలనే గదండీ..."

"రావాలనే!" అన్నారు వసుంధరాదేవి గారు. పెన్ను తీసి 'ఉద్దేశపూర్వకముగా' అని రాసుకున్నారు.

పదకొండో ప్రశ్న పోయింది. 'మీ ఇంటి గురించి చెప్పండి' పోయింది, ఇల్లు కాలిపోయి ఉండవచ్చు గనుక. 'మీకు ఇష్టమైన వంట ఏది?' పోయింది, వంట అనగానే తల్లి గుర్తుకు వస్తుంది గనుక. 'మీ ఊళ్లో వానలు ఎప్పుడు పడతాయి?' అన్న ప్రశ్న దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగారు. అది అమాయకంగానే కనిపించింది. అప్పటిదాకా మాట్లాడని మామిడి తెగుళ్ల నిపుణుడు గొంతు సవరించుకున్నాడు. "వాన అంటే మబ్బు. మబ్బు అంటే ఉరుము. ఉరుము అంటే బాంబు," అన్నాడు. సభ్యులందరూ ఆయన వంక మెచ్చుకోలుగా చూశారు. వాన కూడా పోయింది.

నలభై ప్రశ్నల్లో మూడు మిగిలాయి. ఒకటి, 'మీ పేరు (చెప్పనవసరం లేదు)'. రెండు, 'మీ వయసు (సుమారుగా)'. మూడు, 'ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?' ఈ చివరిది ఎలా మిగిలిందంటే, అక్కడికి వచ్చేసరికి వడలూ టీ వచ్చాయి.

వడల తర్వాత సంఘం మరింత ఉత్సాహంగా పని చేసింది. పాల్గొనేవారు కంటతడి పెడితే ఇంటర్వ్యూ ఆపాలి. మంచినీళ్లివ్వాలి. ఫారం తొమ్మిది, అంటే కన్నీటి నివేదిక, మూడు ప్రతులు నింపాలి. డెబ్భై రెండు గంటలు ఆ మనిషిని ఏమీ అడగకూడదు. నవ్వితే మాత్రం ఫారం లేదు. బాధితులు నవ్వుతారని సంఘానికి తోచలేదు.

ఇక పేర్లు. "అసలు పేర్లు వాడరాదు," అన్నారు అధ్యక్షులు. ఇది అన్నిచోట్లా ఉన్న నియమమే, మంచి నియమమే. కానీ వసుంధరాదేవి గారికి ఒక సందేహం వచ్చింది. మారుపేరు పెట్టినా అది ఆ దేశపు పేరే అయితే దేశం తెలిసిపోదూ? కనుక దేశం కూడా రహస్యంగా ఉంచాలి. కనుక మారుపేర్లు ఆ దేశానివి కాకూడదు. కనుక సంఘమే అక్కడికక్కడ పదమూడు పేర్లు ఖరారు చేసి జాబితా ఇచ్చింది. సుగుణ, శాంతమ్మ, వినయకుమార్, ఆంజనేయులు ఇలా సాగి కుటుంబరావు దగ్గర ముగిసింది. కుటుంబరావు సమాజ ప్రతినిధి గారి బావమరిది.

అనుమతి పత్రం తీసుకోవడానికి వెళ్తే సెక్షన్ సూపరింటెండెంట్ కోదండం గారు ఆమెను కూర్చోబెట్టి రెండు సంగతులు చెప్పాడు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసు ఆయనది. సంఘం వేసే ఆర్డర్లన్నీ ఆయనే టైపు చేస్తాడు.

"చూడమ్మాయ్. సంఘం వేసే ప్రతి ఆర్డరూ నీ థీసిస్ మొదట్లో ఉన్నదున్నట్టు బైండు చేపియ్యాల. ఒక్క అక్షరం తీసినా చెల్లదు. పోయినేడు ఒక పిలగాడు 'సభ్యులు వడలు స్వీకరించిరి' అనే లైను తీసేశాడు, అంత బాగుండదని. థీసిస్ వెనక్కొచ్చింది."

"రెండోదేందండీ?"

"సంఘం ఏదన్నా తీసెయ్యమంటే ఏ పేజీ, ఏ లైను, ఏ మాట అనేది ఆర్డర్లో రాసి తీరాల. ఎందుకంటావా? అంతకుముందు ఒకాయనకి 'అభ్యంతరకర భాగము తొలగించుడు' అని రాసిచ్చారు. ఆయన అధ్యక్షుల వారి ముందుమాట తీసేశాడు. అప్పట్నించీ పెట్టారీ రూలు."

ఆ రెండు సంగతులూ భ్రమరాంబ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ఆమె మనసంతా అప్పటికే ఆ దేశంలో తల వాల్చి కూర్చుని ఉంది. సెలవు దరఖాస్తులో 'భారతదేశము కాని ఒక దేశమునకు' అని రాసి, పెట్టెలో ఇరవై పలకలు, బలపాల డబ్బాలు సర్దుకుని విమానం ఎక్కింది. పిల్లలకు పలకలంటే ఎంత సంబరమోనని దారి పొడుగునా మురిసిపోయింది.

పిల్లలకు మీసాలున్నాయి.

తప్పు ఆమెదే. ఆమె చదివిన వ్యాసాలన్నీ యుద్ధం నాటివి. యుద్ధం అయిపోయి ఎనిమిదేళ్లయింది. వ్యాసాల్లో పిల్లలు ఎదగరు గానీ బయట ఎదుగుతారు. ఆ కొండ ఊళ్లోని యువజన గృహంలో ఉన్న పన్నెండు మందిలో ఒకడు లారీ డ్రైవరు, ఒకడు మంగలి షాపు పెట్టుకున్నాడు, ఇద్దరమ్మాయిలు ఆసుపత్రిలో పని చేస్తున్నారు. పలకలు చూసి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. తర్వాత మర్యాదగా ఒక పలక వంటింట్లో వేలాడదీసి, ఆ పూట కూరేమిటో దాని మీద రాశారు. బంగాళాదుంప. నెల రోజులూ ఆ పలక తుడవవలసిన అవసరం రాలేదు.

"రండక్కా, కిటికీ దగ్గర కూర్చోండి," అంది వాళ్లలో పెద్దరికం చేసే అమ్మాయి. ఇరవై మూడేళ్లుంటాయి. "ఇంటర్వ్యూలన్నీ అక్కడే. వెలుతురు బాగుంటుంది. మీరు పన్నెండోవారు."

"పన్నెండో..?"

"మీకంటే ముందు పదకొండు మంది వచ్చారు. ఏ భాగం కావాలి మీకు? పారిపోవడమా, శిబిరమా, తిరిగి రావడమా? మూడూ అంటే రెండు పూటలు పడుతుంది. తల అలా పెట్టుకోకండక్కా, మెడ పట్టేస్తుంది. పోయినసారి వచ్చినాయనకు అలాగే పట్టేసింది."

భ్రమరాంబ తల నిటారుగా పెట్టుకుంది. రెండేళ్లు నేర్చుకున్న భాషలో 'మీ ఇష్టం' అన్న మాట తప్ప మరేదీ నోటికి రాలేదు.

పాల్గొనేవారు సంతకం పెట్టవలసిన సమ్మతి పత్రం చూసి అమ్మాయి పెదవి విరిచింది. పోయినేడాది వాళ్లది నాలుగు పేజీలుండేదట, ఇది మరీ చిన్నదట. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించకుండానే పెట్టేసింది. మారుపేర్ల జాబితా తీస్తే మంగలి కుర్రవాడు ముందుకొచ్చి ఆంజనేయులు అంటే ఏమిటని అడిగాడు. కొండను పెకలించి మోసుకొచ్చినవాడని భ్రమరాంబ చెప్పింది. అది తనకే కావాలన్నాడు. ఆ సాయంత్రానికి షాపు బోర్డు మీద కూడా రాయించుకున్నాడు. పెద్దరికం చేసే అమ్మాయికి సుగుణ వచ్చింది. మనమూ ఆమెను సుగుణ అనే పిలుద్దాం.

మర్నాడు పొద్దున్నే ఇంటర్వ్యూ మొదలైంది.

"మీ పేరు? చెప్పనవసరం లేదు."

"చెప్పను."

"వయసు? సుమారుగా."

"ఇరవై మూడు."

"ఇంకేమైనా చెప్పదలచుకున్నారా?"

సుగుణ ఆమె చేతిలోని కాగితం వెనక ఏమైనా ఉందేమోనని చూసింది. "అంతేనా? మిగిలినవి?"

"అంతే. మిగిలినవి వడల ముందు పోయాయి," అంది భ్రమరాంబ. ఆ మాట ఆ దేశంలో ఎవరికి అర్థమవుతుంది?

సుగుణ లేచి వంటింట్లోకి వెళ్లి, పిండి డబ్బా పక్కనున్న అల్మారా నుంచి పుస్తకాలు ఒక దొంతర తెచ్చి బల్ల మీద పెట్టింది. పదకొండు మందీ పంపిన సిద్ధాంత గ్రంథాలు. మంచి అట్టలు, బంగారు రంగు అక్షరాలు.

"అడిగారు కాబట్టి చెబుతాను. నాకొక తమ్ముడు. ఊరు ఖాళీ చేసిన రోజున ట్రక్కు ఎక్కాక, కొత్త బూట్లు మర్చిపోయానని దిగి ఇంట్లోకి పరిగెత్తాడు. ట్రక్కు ఆగలేదు. వాడు మళ్లీ కనబడలేదు. తొమ్మిదేళ్లు వాడికి." ఆమె గొంతు మామూలుగానే ఉంది. పదకొండుసార్లు చెప్పిన మాటలవి. "ఊరి మధ్యన బోర్డు చూశారుగా, పోయినవాళ్ల పేర్లది? వాడి పేరు లేదు. శవం లేదు కాబట్టి. బతికున్నవాళ్ల జాబితాలోనూ లేదు, మనిషి లేడు కాబట్టి. బడి కాలిపోయింది, అందులో పేరుండేది. ఆఫీసుకు వెళ్తే, ఏదో ఒక సంస్థ సీలున్న కాగితం తెమ్మన్నారు. వాడి పేరున్న కాగితం ఒక్కటి చాలట. ఈ భూమ్మీద వాడి పేరున్న కాగితం ఒక్కటి కూడా లేదక్కా."

"మరి ఇవి?" అంది భ్రమరాంబ పుస్తకాలు చూపించి.

"అందుకే గదా పదకొండుసార్లు చెప్పింది. ఇదిగో, ఇందులో వాడు పీటర్. ఇందులో 'కె'. ఇందులో, ఇంకా జాగ్రత్త కోసమని, వాణ్ణి నా చెల్లెల్ని చేశారు." పుస్తకాలు మూసింది. "మా మంచికేనట. అందరూ మంచివాళ్లే. మీరు వాడి పేరు వాడి పేరులాగే రాస్తారా? రాస్తే ఎన్ని పూటలైనా చెబుతాను."

భ్రమరాంబ జాబితా తెరిచింది. పన్నెండు పేర్లూ పంచడం అయిపోయింది. పదమూడోది ఒక్కటే మిగిలి ఉంది.

"మా సంఘం లెక్క ప్రకారం మీ తమ్ముడి పేరు..." అని ఆగిపోయింది. బూట్ల కోసం పరిగెత్తిన ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడు కళ్ల ముందు కనిపిస్తున్నాడు. "కుటుంబరావు," అంది.

అనేసి ఏడ్చేసింది. ఒకటీ రెండు చుక్కలు కాదు, వెక్కి వెక్కి ఏడ్చింది. జాలి సగం, సిగ్గు సగం. ఈ అమ్మాయి చెబుతున్నంతసేపూ తన బుర్రలో ఒక మూల 'నాలుగో అధ్యాయానికి ఎంత బాగుంటుంది' అన్న మాట తిరుగుతూనే ఉంది. అది ఆమెకు తెలుసు.

సుగుణ చటుక్కున లేచింది. మంచినీళ్లు తెచ్చింది. రికార్డరు ఆపింది. లోపలికి కేకేసింది. ఆంజనేయులు వచ్చి దుప్పటి కప్పాడు. లారీ డ్రైవరు కిటికీ తెరిచాడు. వాళ్లకిది కొత్త కాదు, చాలామంది పరిశోధకులను చూసుకున్న చేతులు. సుగుణ ఫైల్లోంచి ఫారం తొమ్మిది తీసి నింపడం మొదలుపెట్టింది.

"ఏడ్చినవారి పేరు?"

"నేను పాల్గొనేదాన్ని కాదు, పరిశోధకురాల్ని," అంది భ్రమరాంబ ముక్కు తుడుచుకుంటూ.

"ఏడ్చినవారు అని ఉందిక్కడ. మీరేగా ఏడ్చింది? డెబ్భై రెండు గంటలు మిమ్మల్నెవరూ ఏమీ అడగకూడదు. రూలు మీదే." మూడు ప్రతుల మీదా సంతకం పెట్టించుకుంది.

ఆ మూడు రోజులూ భ్రమరాంబను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమెకూ అడిగే హక్కు లేదు. వరండాలో కూర్చుని అందరితో కలిసి మొక్కజొన్న గింజలు ఒలిచింది. ఒలుస్తూ ఒలుస్తూ సుగుణ తమ్ముడి గురించి చెప్పుకుపోయింది. అది ఇంటర్వ్యూ కాదు గనుక ఏ రూలూ అడ్డు రాలేదు. వాడెలా ఈల వేసేవాడో, ఏం తినేవాడు కాదో, మేకల్ని లెక్కపెట్టమంటే ప్రతిసారీ ఒకటి ఎక్కువ ఎందుకు చెప్పేవాడో చెప్పింది. ఒకసారి పలక తీసుకుని, తమ లిపిలో వాడి పేరు రాసి చూపించింది. కాసేపు ఇద్దరూ చూశారు. సుగుణ అరచేత్తో తుడిచేసింది.

"నేను రాస్తాను," అంది భ్రమరాంబ.

"పదకొండు మందీ అదే అన్నారక్కా," అంది సుగుణ. ఆ మాటలో కోపం లేదు.

తిరిగొచ్చిన భ్రమరాంబ నిజంగానే రాసింది. నాలుగో అధ్యాయమంతా ఆ పిల్లవాడి అసలు పేరుతోనే రాసింది. అప్పుడు తన ధైర్యానికి తనే పొంగిపోయి, స్నేహితురాళ్లిద్దరికి ఫోన్ చేసి చెప్పుకుంది కూడా. గైడు పద్మనాభం గారు చదివి తల పట్టుకున్నారు.

"భ్రమరాంబా, నీకు పట్టా కావాలా, వద్దా? ఆ ఒక్క పేరు మార్చెయ్యి. పిల్లాడు పోనే పోయాడు. కుటుంబరావు అంటే మాత్రం వాడికేం బాధ?"

"వాడి అక్కకు బాధండీ."

"అయితే సంఘంతో చెప్పుకో," అని ఆయన తప్పుకున్నారు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. భ్రమరాంబ ఇంటి దగ్గర రాసుకుని వచ్చిన ఉపన్యాసం మొదలుపెట్టింది. 'మారుపేరు ఎవరి రక్షణ కోసమండీ' అన్నంతవరకు బాగానే వచ్చింది. అక్కడ మార్కండేయులు గారు చెయ్యెత్తారు.

"అమ్మాయీ, మేము మేకకు కూడా నంబరే వేయుదుము. పేరు పెట్టినచో మమకారము కలుగును. మమకారము కలిగినచో పరిశోధన చెడును. ఇది నా ముప్ఫై ఏళ్ల అనుభవము. నిరాకరించినచో నీ రిజిస్ట్రేషన్ ఈ నెలాఖరుతో రద్దగును."

ఇక్కడ భ్రమరాంబ లేచి బల్ల గుద్ది ఉంటే మనకూ చెప్పుకోవడానికి బాగుండేది. ఆమె లేవలేదు. ఏడేళ్ల చదువు, మార్కాపురంలో 'మా అమ్మాయి డాక్టరు కాబోతోంది' అని పలకల కొట్లో అందరికీ చెప్పుకుంటున్న నాన్న, నెలాఖరు. మూడూ ఒక్కసారి గుర్తొచ్చాయి. "సరేనండీ," అంది. ఎంత మెల్లగా అందంటే, వినబడలేదు మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పింది.

ఆ రాత్రి కంప్యూటరు 'ముప్ఫై ఒక్క చోట్ల మార్చమంటారా?' అని అడిగింది. భ్రమరాంబ అవునని నొక్కింది. ఒక్క సెకను కూడా పట్టలేదు. ముప్ఫై ఒక్క కుటుంబరావులు బారులు తీరి నిలబడ్డారు. ఆమెకు అన్నం సహించలేదు. తను పన్నెండో పుస్తకం అయిందంతే.

అయితే సంఘం తన పని తను శ్రద్ధగా చేసింది. రూలు ప్రకారం ఏ పేజీ, ఏ లైను, ఏ మాట అన్నది ఆర్డర్లో రాయాలి గదా. రాసింది. ఆ పేరు గల వేరే వ్యక్తి ఎవరైనా ఉంటే పొరపాటున వాళ్లది తొలగించే ప్రమాదం ఉందని వసుంధరాదేవి గారు హెచ్చరించారు. అందుకని ఆ పేరు ఎవరిదో కూడా నిర్వచించారు. ఉత్తర్వు బాధిత పక్షానికి తెలియజేయకపోతే సహజ న్యాయానికి విరుద్ధమని కూడా ఆవిడే అన్నారు. కనుక ఒక ప్రతి సుగుణకు పంపాలి. మారుపేరుకు రిజిస్టర్ పోస్టు అందదు గనుక, ఆమె సంతకం పెట్టిన సమ్మతి పత్రంలోంచి అసలు పేరు, తండ్రి పేరు తీసి అందులో చేర్చారు. తెలుగులోను, ఇంగ్లీషులోను తయారుచేసి, ప్రతి పుట మీదా గుండ్రటి సీలు వేయించారు.

ఇప్పుడది అధికార పత్రం గనుక మనమూ చదువుకోవచ్చు.

'పరిశోధకురాలు తన గ్రంథములో 147వ పుట 6వ పంక్తిలోని "తావిన్" అను పేరును, 147వ పుట 11వ పంక్తిలోని "తావిన్" అను పేరును, 148వ పుట 2వ పంక్తిలోని "తావిన్" అను పేరును...' ఇలా ముప్ఫై ఒకటీ వరసగా. చివర ఇలా ఉంది. 'ఇచట తావిన్ అనగా, యుద్ధ కాలమున, తొమ్మిదేండ్ల ప్రాయమున, కొత్త బూట్ల నిమిత్తము వాహనము దిగి తిరిగి రాని బాలుడనియు, బాధిత పక్షమునకు స్వయాన తమ్ముడనియు సంఘము విచారించి నిర్ధారించుకొన్నది. సభ్యులు ఉప్మా స్వీకరించిరి.'

సుగుణ పేరు కూడా అందులో ఉంది గానీ మనం చెప్పం. ఆమె అడిగింది తమ్ముడి పేరు ఒక్కటే.

దేశం రహస్యం గనుక కవరు మీద చిరునామా రాయకూడదని సంఘం ఆదేశించింది. చిరునామా లేని కవరును పోస్టాఫీసు వాళ్లు కోదండం గారి మొహం మీదే నవ్వి తిప్పి పంపారు. ఆయన దాన్ని భ్రమరాంబ చేతిలో పెట్టాడు. "నీకు తెల్సుగా ఎక్కడికో. నువ్వే ఎయ్యి. నేను మాత్రం చూళ్లేదు."

భ్రమరాంబ కవరు తీసుకుంది. అందులో ఏముందో చూసే ధైర్యం కూడా లేకపోయింది. 'క్షమించు, నేనూ రాయలేకపోయాను. ఇది ఎందుకు రాయలేదో చెప్పే కాగితం' అని ఒక చీటీ రాసి పెట్టి పోస్టు చేసింది. అదే కాగితాన్ని రూలు ప్రకారం తన గ్రంథం మొదట్లో ఉన్నదున్నట్టు బైండు చేయించింది. అప్పుడు కూడా తల తిప్పుకునే చేయించింది. చదివి ఉంటే మూడు నెలలు అనవసరంగా కుమిలిపోయేది కాదు.

పట్టా తీసుకోవడానికి సెక్షన్‌కు వెళ్లిన రోజున, కోదండం గారి బల్ల ముందు కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. సుగుణ. మొదట ఒక ఫోటో వచ్చింది. ఊరి మధ్యన ఉన్న బోర్డు. కింది వరసలో, ఇంకా పెయింటు ఆరని ఒక పేరు. భ్రమరాంబకు ఆ లిపి వచ్చు. అరచేత్తో తుడిచేసిన పేరు.

"అక్కా, మీ వాళ్ల కాగితం తీసుకెళ్లాను," అంటోంది సుగుణ. గొంతు మామూలుగా లేదు. "ఆఫీసులో ఆయన సీలు చూశాడు. పేరు చూశాడు. ముప్ఫై ఒకటీ వేలితో లెక్కపెట్టాడు. 'ఒక్కసారుంటే చాలమ్మా, వీళ్లెవరో చాలా శ్రద్ధగా రాశారు' అన్నాడు. రిజిస్టర్లో ఆధారం అన్న చోట 'పేరు తొలగింపు ఉత్తర్వు' అని రాసుకున్నాడు. మీ సంఘం వాళ్లకు నా నమస్కారాలు చెప్పండక్కా. పదకొండు మంది మంచివాళ్లు చెయ్యలేకపోయారు."

ఫోన్ పెట్టేశాక భ్రమరాంబ అక్కడే, ఫైళ్ల మధ్యన, ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే నవ్వుతోంది. ఏడేళ్లలో తను చేసిన మంచి పని ఒక్కటే, అదీ తను ఓడిపోయినందువల్ల, చదవకుండా పోస్టు చేసినందువల్ల జరిగింది.

కోదండం గారు కాసేపు చూశాడు. సొరుగు లాగి ఫారం తొమ్మిది తీశాడు.

"ఏం అనుకోమాకమ్మా. పరిశోధనకు సంబంధించిన కన్నీరు ఆఫీసులో కారినా రాయాల్సిందే. రూలు."

ఆమె నింపింది. పేరు, తేదీ, సుమారు పరిమాణం. చివరి గడి 'కన్నీటికి కారణము'. అక్కడ తావిన్ అని రాసి ఇచ్చింది.

ఆయన చదివి కళ్లజోడు తీశాడు. "అసలు పేరు రాశావే! ఇది సంఘం ముందుకు పోవాల. వాళ్లు తీసెయ్యమని ఆర్డరెయ్యాల. ఆర్డర్లో ఏ మాట తియ్యాల్నో మళ్లీ..." ఆగిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో మొదటిసారి, తన రూలు ఎటు పోతుందో చివరిదాకా ఆలోచించినట్టున్నాడు. తలుపు వంక ఒకసారి చూసి, స్టాంపు తీసుకుని, మూడు ప్రతుల మీదా 'ఆమోదించడమైనది' అని గట్టిగా కొట్టాడు.

తర్వాత పట్టా ఆమెకు ఇవ్వకుండా బల్ల మీదే పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"ముప్ఫై ఒక్కసార్లు నేనే టైపు కొట్టానమ్మా ఆ పేరు," అన్నాడు. "కొడతన్నంతసేపూ అనుకున్నా. ఇంతకీ ఎట్టాంటోడమ్మా ఆ పిలగాడు?"

ఈ విశ్వవిద్యాలయంలో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. భ్రమరాంబ కళ్లు తుడుచుకుంది.

"బూట్లు కొన్న రోజు నుంచీ వేసుకునే పడుకునేవాడటండీ," అని మొదలుపెట్టింది. "ఊరు ఖాళీ చేసే ముందు ఆ ఒక్క రాత్రే వాళ్లమ్మ విప్పించి గడప దగ్గర పెట్టిందట."